చిల్లుల పని

ముప్పై ఒక్కేళ్ళు నువ్వు స్తంభాలెక్కినన్నాళ్ళూ
నేను దాన్ని పేరు పెట్టి పిలవలేదు.
"అది" అనేదాన్ని.
అది ఉందా ఈ తీగలో? అది తీసేశారా?
గ్లౌజులు మరిచిపోలేదు కదా, అది ఉన్నప్పుడు?
మా నాయనమ్మ కూడా అంతే,
చీకటి పడ్డాక తోడేలు పేరెత్తేది కాదు.

ఇద్రియా. పాదరసం తవ్వి బతికిన ఊరు.
మీ నాన్న ఆ గనిలోనే
పళ్ళన్నీ పోగొట్టుకున్నాడు.
నువ్వు మట్టి కిందికి పోనన్నావు,
పైకెక్కావు.
ఆ మంచువాన ఏడాది
తీగల మీద గాజు బెత్తెడు మందాన పేరుకుని
స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగితే
పదకొండు రోజులు ఇంటికి రాలేదు.
కొవ్వొత్తి పెట్టుకుని లేసు అల్లుతూ కూర్చున్నాను.
తెల్లారి చూస్తే అన్నీ తప్పుముళ్ళే.

ఇప్పుడు లుబ్లియానాలో డాక్టర్ జెర్యావ్
కాగితం మీద నీ కాలేయం గీసింది.
మధ్యలో గడ్డ.
గడ్డను ఆనుకుని పెద్ద రక్తనాళం,
తల్లి చెయ్యి వదలని పిల్లలాగా.
"కోయబోతే నాళం తెగుతుంది.
కాల్చబోతే పారే రక్తం వేడిని మోసుకుపోతుంది.
చుట్టూ నాలుగు సూదులు గుచ్చి
వాటి మధ్య పంపుతాం."
"ఎంత?" అన్నావు,
సంతలో బంగాళాదుంపల ధర అడిగినట్టు.
"మూడు వేల వోల్టుల దాకా."
నువ్వు నవ్వావు బొగోమిర్,
పాత స్నేహితుడు ఎదురైనట్టు.
నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఎంతసేపు?"
సెకనును పదివేల ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క.
అలాంటివి ఒక్కో సూదుల జంటకూ తొంభై.
"కణం పొరకు చిల్లులు పడతాయి,
పూడ్చుకోలేనన్ని.
తర్వాత అదే చచ్చిపోతుంది.
నాళం గోడలోని పోగులు మాత్రం నిలుస్తాయి."

చిల్లులా?
నాకు చిల్లుల సంగతి తెలుసు డాక్టర్.
ఆరో ఏటినుంచీ నా పనే అది.
లేసంటే దారం కాదు,
దారం కాపలా కాసే ఖాళీ.
దిండు మీద గుండుసూదులు గుచ్చి
కొయ్య కండెలు దాటించి, మెలితిప్పి,
చివరికి సూదులన్నీ పీకేశాక
నిలిచిందే నిలిచినట్టు.
ఒక్క సూది వెంట్రుకవాసి పక్కకి పోయినా
పువ్వు పువ్వు కాదు.

ఇదంతా ఆమెకు చెప్పలేదు.
"సూదులు వంకర పోకుండా గుచ్చండి" అన్నాను.
"మిల్లీమీటరు కొలిచి గుచ్చుతాం" అంది.
నవ్వలేదు.
ఆ నవ్వకపోవడం నాకు నచ్చింది.

లోపల జరిగింది నర్సు తర్వాత చెప్పింది.
నీ కండరాలన్నీ మందుతో నిద్రపుచ్చారట,
లేకుంటే తగిలిన ప్రతిసారీ
బల్ల మీద ఎగిరిపడేవాడివట.
యంత్రం ముందు నీ గుండె వింటుందట.
అది కొట్టుకున్న మరుక్షణం,
ఇంకే మాటా చెవిన పెట్టని ఆ రెప్పపాటులో,
పిడుగును వదులుతుందట.
గుండె ఒకటి. పిడుగు ఒకటి.
గుండె ఒకటి. పిడుగు ఒకటి.
కారిడార్లో నా వేళ్ళు
దాటు, మెలి, దాటు, మెలి,
ఒళ్ళో దారం లేకుండానే.

ప్రతి తుఫాను రాత్రీ
కిటికీ దగ్గర నేను బతిమాలుకున్నది అదే కదా:
ముందు అతని గుండెనడుగు,
తర్వాతే తాకు.

ఆరు వారాల తర్వాత తీసిన బొమ్మలో
గడ్డ ఉన్నచోట నల్లగా ఏదో.
పక్కన నాళం పారుతూనే ఉంది.
"ఇది గడ్డ కాదు, దాని చోటు," అంది జెర్యావ్.
"అనుకుంటున్నాం. మూడు నెలలకు మళ్ళీ చూద్దాం."
బస్సులో నువ్వు కునుకు తీశావు.
నీ పొట్ట మీద నాలుగు చుక్కలు
చొక్కా గుండీల పక్కన.
నేను లెక్కపెట్టాను. సమానంగానే ఉన్నాయి.

నిన్న రాత్రి వంటింట్లో బల్బు పోయింది.
వద్దంటే వినకుండా స్టూలు లాక్కున్నావు.
పిండిచేతులతో చీకట్లోంచి అరిచాను:
"కరెంటు ఆపేశావా?"
స్టూలు మీద నువ్వు
ఒక్క క్షణం కదల్లేదు.